మూత తియ్యకండి

ఈ సంచికకు ఏదైనా యింటి వంట గురించి వ్రాయమని మమ్మల్ని అడిగారు. సరేనన్నాం. తీరా కలం పట్టాక తెలిసింది, మాకు నాలుగు మాటలు చెప్పేటంత అనుభవం వున్నది ఒక్క బీరు చెయ్యడంలోనేనని. ఈ మాట చూడగానే కొందరు పెద్దలు పేజీ త్రిప్పేస్తారని తెలుసు. దయచేసి త్రిప్పకండి. ఎవరినీ తాగమని చెప్పడం లేదు. శాన్ రామన్‌లో మా గరాజులో కొన్నేళ్ళుగా చేస్తున్న ఒక పని ఎందుకు పదే పదే చెడిందో, ఎలా బాగుపడిందో, ఆ మధ్యలో మా యింట్లో ఏం జరిగిందో చెబుతాం, అంతే.

"మేము" అంటే ఆలుమగలం. ఒకరు కెమిస్ట్రీ చదివి కంప్యూటర్ల ఉద్యోగంలో తేలారు. మరొకరు సివిల్ ఇంజనీరు. ఏ తప్పు ఎవరు చేశారో విడివిడిగా వ్రాస్తే యింట్లో శాంతి వుండదు కనుక అన్నిటినీ "మేము" ఖాతాలోనే వేస్తున్నాం.

ఆఫీసులో ఒక అమెరికన్ మిత్రుడు యిల్లు మారుతూ తన బీరు సామాను మాకు యిచ్చి వెళ్ళాడు. పెద్ద స్టీలు గిన్నె, మూత వున్న ప్లాస్టిక్ బాన, రబ్బరు గొట్టాలు, రెండు డజన్ల ఖాళీ సీసాలు. "యింట్లో చేస్తే పోలీసులు పట్టుకోరా?" అన్నది మా మొదటి ప్రశ్న. సారా బట్టీల మీద ఎక్సైజు వాళ్ళ దాడుల కథలు వింటూ పెరిగినవాళ్ళం మరి. అతను నవ్వాడు. తర్వాత మేమే చదివి తెలుసుకున్నాం. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు యింట్లో వైన్ చేసుకోవడానికి వీలు కల్పించారు గాని బీరు మాట మరచిపోయారు. 1978 అక్టోబరు 14న కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. అందుకు సంబంధించిన సవరణ తెచ్చినవాడు మన కాలిఫోర్నియా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్. ఇద్దరు పెద్దవాళ్ళున్న యింట్లో యేడాదికి 200 గాలన్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మేము చేసేది ముప్ఫై గాలన్లకు మించదు.

తెలియనివారి కోసం పని ఎలా వుంటుందో నాలుగు ముక్కల్లో చెబుతాం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పలుకులుగా మర పట్టి వేడినీళ్ళలో నానబెడితే తియ్యటి నీళ్ళు దిగుతాయి. వాటిలో హాప్ పువ్వులు వేసి గంటసేపు మరిగిస్తే చేదు వస్తుంది. చల్లార్చి ఈస్టు కలిపితే అది చక్కెర తిని మత్తునిచ్చే సారాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ తయారు చేస్తుంది. కార్బన్ డయాక్సైడును మా స్కూలు పుస్తకం అలాగే అనేది. ఇడ్లీపిండి పొంగించేదీ ఆ వాయువే.

అయితే మరిగించిన హాప్స్‌లో చేదు మిగులుతుంది గాని వాసన ఆవిరితో పోతుంది. అందుకని పులియడం ముగియవచ్చే వేళకు మరికొన్ని హాప్స్ పచ్చిగా, మరిగించకుండా వేస్తారు. దానిని డ్రై హాపింగ్ అంటారు. చారు దించాక కొత్తిమీర వేసినట్లు. నిమ్మతొక్క, బత్తాయి, పండు మామిడి, అప్పుడే కోసిన పచ్చగడ్డి, అన్నీ కలిసిన వాసన వస్తుంది.

ఈ హాప్స్ మనకు బొత్తిగా కొత్తవేమీ కాదు. యిక్కడి నుంచి 680 మీద దక్షిణంగా వెళ్తే వచ్చే ప్లెజంటన్‌లో హాప్‌యార్డ్ రోడ్డు మీద మనలో తిరగనివారెవరు? పంతొమ్మిదో శతాబ్దం చివరా, యిరవయ్యో శతాబ్దం మొదట్లోనూ అక్కడ హాప్ తోటలుండేవి. పేరు అలా వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ కంపెనీ 1975లో లిబర్టీ ఏల్ అనే బీరును కాస్కేడ్ అనే హాప్స్‌తో డ్రై హాపింగ్ చేసి తెచ్చింది. ఆ కాస్కేడ్ రకం బయటికి వచ్చింది 1972లోనే. యిప్పుడు దుకాణాల్లో కనిపించే ఘాటు వాసనల బీర్లకు ఒక మూలం అక్కడుంది. ఆ కంపెనీ మాత్రం 2023లో మూతపడింది.

మా మొదటి బీరు దివ్యంగా వచ్చింది. అంటే, బానలో వున్నంత వరకు. బంగారు రంగు. గరాజు తలుపు తీస్తే చాలు, బత్తాయి తోటలోకి వెళ్ళినట్లుండేది. శనివారం భోజనానికి వచ్చిన మిత్రులను గరాజులోకి తీసుకుపోయి, "చూడండి" అంటూ మూత తీశాం. నలుగురూ వంగి వాసన చూశారు. మంగళవారం మరొకరు వచ్చారు. మళ్ళీ మూత తీశాం. ఎవరూ రాని రోజు మాకోసం మేమే తీసుకున్నాం. ఆ తర్వాత గొట్టంతో సీసాల్లోకి పోశాం. పైనుంచి ధారగా పడుతుంటే ఆ గలగల వినడానికి ఎంతో హాయిగా వుండేది.

మూడు వారాలకు సీసా తెరిస్తే బంగారం లేదు. చింతపండు పిసికిన నీళ్ళ రంగు. బత్తాయి లేదు. వానకు తడిసిన అట్టపెట్టె వాసన, దానికి తోడు పాతబడ్డ తేనె వాసన. తాగిన మిత్రుడు "బాగుందండీ" అన్నాడు గాని గ్లాసు సగం వదిలేశాడు. మన వాళ్ళు బాగుందన్నప్పుడు మొహం చూడకూడదు, గ్లాసు చూడాలి.

తప్పు ఎక్కడో అర్థం కాలేదు. నీళ్ళు మంచివి కావనుకున్నాం, సీసా నీళ్ళు కొన్నాం. శుభ్రం చాలలేదనుకున్నాం, గరాజును ఆస్పత్రిలా కడిగాం. బార్లీ మార్చాం, ఈస్టు మార్చాం. వరసగా అయిదు సార్లు అంతే. ప్రతిసారీ బానలో బంగారం, సీసాలో చింతపండు.

ఆ వేసవిలో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు. యిద్దరికీ అమ్మే అనుకోండి. ఆమె వచ్చే ముందురోజు బానను గరాజు మూలకు జరిపి పాత దుప్పటి కప్పాం. ఎందుకో చెప్పాలి. అమ్మకు ఒక్కడే తమ్ముడు, మావయ్య. బడిపంతులు, చక్కగా పద్యాలు చదివేవాడట. సారా అతన్ని నలభై రెండేళ్ళకే తీసుకుపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడినప్పుడు, గడప దాటి ఎరగని అమ్మ ఊళ్ళో ఊరేగింపులో నడిచింది. 1993లో ప్రభుత్వం సారా ఆపేసిన రోజున మావయ్య ఫోటోకు దండ వేసింది. అలాంటి మనిషికి యిదిగో మా బాన అని ఎలా చూపిస్తాం?

రెండో రోజు ఉదయం కాఫీ తాగుతూ అడిగింది. "ఆ గరాజులో దుప్పటి క్రింద వున్నదేమిటి?"

"తోటకి ఎరువమ్మా" అన్నాం.

"ఎరువు రాత్రంతా బుడుగు బుడుగుమని మాట్లాడుతుందా?"

అదే రోజు మేము ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి నాలుగు మడతలు పెట్టి బాన ప్రక్కన వుంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, మర్నాడూ అనలేదు. అడిగితే "ఊఁ" అంటుంది. పిల్లలకు జడలు వేస్తుంది, వంట చేస్తుంది, మాతో మాత్రం మాట్లాడదు. ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేం. ఆ మధ్యలో శనివారం మిత్రులు వచ్చారు. మా అలవాటు ఎక్కడికి పోతుంది? మళ్ళీ మూత తీసి చూపించాం. ఆదివారం సీసాల్లోకి పోశాం.

ఆ సీసాలూ రంగు మారిపోయాయి. ఒక సీసా గ్లాసులోకి వంచి, వంటింటి బల్ల మీద పెట్టుకుని దిగులుగా చూస్తున్నాం. అమ్మ ప్రక్కన కూర్చుని వంకాయలు తరుగుతోంది. తరిగిన ముక్కలను ఉప్పునీళ్ళ గిన్నెలో వేస్తోంది. చాలా రోజులకు తనంతట తాను మాట్లాడింది.

"ఆ రోజు నేను దుప్పటి తీసి చూసినప్పుడు పసుప్పచ్చగా వుందే. యిలా నల్లబడిందేం?"

"అదే తెలియడం లేదమ్మా."

ఒక వంకాయ ముక్క నీళ్ళలో వెయ్యకుండా బల్ల మీద పెట్టింది. "కాసేపు చూడండి, యిది ఏమవుతుందో. గాలి తగిలితే నల్లబడదూ? మీరు వచ్చినవాళ్ళకల్లా మూత తీసి చూపిస్తారాయె."

కెమిస్ట్రీ చదివిన మనిషి ఆ బల్ల దగ్గరే కూర్చుని వున్నారని పాఠకులకు మనవి.

ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకున్నాం. వంకాయలోనూ హాప్స్‌లోనూ పాలీఫెనాల్స్ అనే పదార్థాలున్నాయి. వంకాయ ముక్కలో ఒక ఎంజైము సాయంతో ప్రాణవాయువు వాటిని నల్లబరుస్తుంది. బీరులో ఆ సాయం చేసేవి లోహాలు. ఇనుము, రాగి లేశమాత్రం వున్నా చాలు. మాంగనీసు సరేసరి. అది హాప్స్‌లోనే వుండి, డ్రై హాపింగ్‌లో బీరులోకి దిగుతుంది. అంటే వాసన కోసం మనం వేసే హాప్సే ఆ వాసనను చంపే పనికీ తోడ్పడతాయి. ఎక్కువ హాప్స్ వేసిన కొద్దీ గాలికి అంత భయపడాలి.

యింకో విషయం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. మొదట్లో గాలి కావాలి. చల్లార్చిన తియ్యటి నీళ్ళలో ఈస్టు వేసేటప్పుడు పది లక్షల పాళ్ళకు ఎనిమిది పాళ్ళ దాకా ప్రాణవాయువు వుంటేనే ఈస్టు బలంగా పెరుగుతుంది. అదంతా అది కొన్ని గంటల్లో తినేస్తుంది. పులియడం అయ్యాక లెక్క మారిపోతుంది. పెద్ద కంపెనీలు డబ్బాలో ప్రాణవాయువు వంద కోట్ల పాళ్ళకు యాభై పాళ్ళు కూడా దాటకుండా చూసుకుంటాయి. మొదట కావలసినదానిలో నూట అరవయ్యో వంతు! ఒకే వాయువు, ముందు ప్రాణం, తర్వాత విషం. మేము చేసినదల్లా సరిగ్గా ఆ రెండో వేళకు మూత తియ్యడం.

అప్పటి నుంచి ఒక్కొక్కటే దిద్దుకున్నాం. మొదటిది వేళ. పులియడం పూర్తిగా ఆగిపోయాక హాప్స్ వెయ్యడం మానేశాం. యింకా కొంచెం చక్కెర మిగిలి, ఈస్టు పనిలో వుండగానే వేస్తాం. హాప్స్‌తో కూడా దూరిన గాలిని ఆ ఈస్టే మింగేస్తుంది. మరీ ముందు వేస్తే పొంగే వాయువు వాసనను ఎత్తుకుపోతుంది. అందుకని చివరి రోజులే మంచివి. హాప్స్ వేశాక సీసాలకు తొందరపడకూడదని కూడా నేర్చుకున్నాం. హాప్స్‌లో వుండే ఎంజైములు, ఈస్టు తినలేక వదిలేసిన పిండిపదార్థాలను మళ్ళీ చక్కెరగా విరగ్గొడతాయి, పులియడం మళ్ళీ మొదలౌతుంది. బ్రౌన్, మోరిస్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు 1893లోనే ఈ సంగతి వ్రాసిపెట్టారు. తొందరపడి మూత బిగిస్తే సీసాలు పగులుతాయి.

రెండోది మూత. ఒకసారి నాలుగు ఔన్సుల హాప్ బిళ్ళలు మూత తీసి గుమ్మరించాం. బీరులో కరిగి వున్న వాయువు ఆ బిళ్ళల మీద ఒక్కసారిగా బుడగలు కట్టి, పాలు పొంగినట్లు పొంగి, గరాజు కప్పుకు తగిలింది. ఆకుపచ్చ మరక యిప్పటికీ వుంది. యిప్పుడు చేసేది వేరు. ఈస్టు కలిపే రోజునే హాప్స్ సంచిలో చిన్న అయస్కాంతం పెట్టి, దానిని మూతకు లోపలివైపు అంటిస్తాం, మూతకు పైన మరో అయస్కాంతం ఆనించి. పులిసే వాయువు బాన పైభాగంలోని గాలిని బయటికి నెట్టేస్తుంది. వేళ రాగానే పైది లాగేస్తే సంచి తనంతట తానే బీరులో పడుతుంది. మూత తియ్యనక్కర లేదు.

మూడోది, మాకు బాగా నచ్చిన అపోహ పోవడం. బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు కనుక, ఆవకాయ మీద నూనె తేలినట్లు బీరు మీద దుప్పటిలా పరుచుకుని కాపాడుతుందని అందరూ చెప్పారు. మేమూ నమ్మాం. కాని నూనె నూనే, వాయువు వాయువే. వాయువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మూత తీస్తే ఆ దుప్పటి కాసేపట్లో గాలిలో కలుస్తుంది. జాడీ మీద నూనెను నమ్మినట్లు దీన్ని నమ్మకూడదు.

నాలుగోది చల్లబెట్టడం. మడ్డి దిగడానికి బానను పాత ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. చల్లబడితే లోపలి వాయువు కుంచించుకుపోయి బయటి గాలిని పీల్చుకుంటుంది. మూతకున్న నీటి బిరడా గుండా గాలీ, ఆ నీళ్ళూ కూడా లోపలికి పోయేవి. యిప్పుడు ఆ బిరడా చోట బొగ్గుపులుసు వాయువు నింపిన బుడగ తగిలిస్తున్నాం. పీలిస్తే దాన్నే పీలుస్తుంది.

అయిదోది పొయ్యడం. గలగలల ముచ్చట మానుకున్నాం. సోడా కంపెనీలు వాడి వదిలేసిన అయిదు గాలన్ల స్టీలు కెగ్గు ఒకటి కొన్నాం. దానిని శుభ్రం చేసే నీళ్ళతో అంచుదాకా నింపి, ఆ నీళ్ళను బొగ్గుపులుసు వాయువుతో బయటికి తోస్తే లోపల గాలి దాదాపు మిగలదు. అప్పుడు మూసిన గొట్టం ద్వారా బీరును అడుగు నుంచి పంపుతాం. కెగ్గు లేనివాళ్ళు దిగులు పడనక్కర లేదు. గొట్టం సీసా అడుగుకు ఆనించి నిదానంగా నింపండి, మెడ దగ్గర ఖాళీ తక్కువ వుంచండి, నురుగు పైకి వచ్చినప్పుడే మూత బిగించండి. సీసాలో మిగిలిన ఈస్టు కొంత గాలిని తినేస్తుంది.

యిక నిల్వ. హాప్స్‌ను గాలి తీసేసిన సంచిలో ఫ్రీజరులో పెడతాం, గోంగూరకూ మునక్కాయ ముక్కలకూ మధ్య. తయారైన బీరు ఫ్రిజ్‌లోనే వుండాలి. శాన్ రామన్ వేసవిలో గరాజు ఎంత కాగుతుందో మీకు తెలుసు. వేడి పెరిగిన కొద్దీ గాలి చేసే పాడు కూడా వేగంగా జరుగుతుంది. ఎంత చేసినా యిది ఆవకాయ కాదు, యేడాది నిలవదు. నెలా నెలన్నరలో అవగొట్టాలి.

ఇవన్నీ కుదిరిన మొదటి బీరు నెల తర్వాత కూడా బంగారు రంగులోనే వుంది. వెనకటి మిత్రుడే వచ్చాడు. ఏమీ అనలేదు. గ్లాసు ఖాళీ చేశాడు.

అమ్మ ఆ గ్లాసు చూసింది. తాను ముట్టుకోలేదు, మేమూ అడగలేదు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మాతో అన్నది. "మీరు ఒక గ్లాసు తాగుతారని కాదు నా బాధ. దుప్పటి కప్పారు చూడండి, అది. తమ్ముడూ మొదట్లో అలాగే దాచేవాడు. గడ్డివాములో ఒకటి, పుస్తకాల వెనక ఒకటి. మాకు తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. మీరు ఎరువని చెప్పినప్పుడు నాకు వాడి గొంతు వినిపించింది."

మేమేమీ జవాబు చెప్పలేకపోయాం. యిద్దరికీ వంద సాకులు తెలుసు. ఒక్కటీ నోట రాలేదు.

ఆ తర్వాత దుప్పటి ఉతికి అలమరలో పెట్టేశాం. బాన గరాజు మధ్యనే వుంటుంది. అందులో ఏముందో, అది మనిషిని ఏం చెయ్యగలదో, వాళ్ళ తాతయ్యలాంటి ఒక మనిషిని ఏం చేసిందో పిల్లలకు అమ్మే చెప్పింది, మావయ్య ఫోటో చూపించి. ఒక పూటకు ఒక్క గ్లాసు అని నియమం పెట్టుకున్నాం, పిల్లలు లెక్క పెడతారు. ఏ నెలలోనైనా ఆ లెక్క తప్పితే ఆ పైనెల బాన ఖాళీగా వుంటుంది. రెండుసార్లు అలా ఖాళీగా వుంది కూడా.

యిప్పుడు ప్రతి ఆదివారం అమ్మ తెనాలి నుంచి ఫోను చేస్తుంది. పిల్లల చదువులూ, మోకాళ్ళ నొప్పులూ, తుపాను కబుర్లూ అయ్యాక, పెట్టేసే ముందు అడుగుతుంది.

"బాన ఎలా వుంది? మూత తీశారా?"

"లేదమ్మా."

"తియ్యకండి" అంటుంది.

మీరెవరైనా మా యింటికి వస్తే తప్పకుండా గరాజులోకి తీసుకువెళ్ళి చూపిస్తాం. మూత మాత్రం తియ్యం.